ఎడమకి తిప్పితే కుడికి

లిలువా రైల్వే క్వార్టరు ఖాళీ చేస్తున్నప్పుడు అటక మీంచి దిగిన సామాన్లలో మా అమ్మ రేకు పెట్టె ఒకటి ఉంది. అమ్మ చివరి రోజులు మా దగ్గరే గడిచాయి. ఆవిడ పోయాక ఆ పెట్టె జోలికి నేను వెళ్ళలేదు. అందులో ఏముందో తెలీక కాదు, తెలిసే. మా ఆయన రిటైరయ్యారు, కొన్న ఫ్లాట్‌కి అటక లేదు, అటక లేని ఇంట్లో తెరవని పెట్టెలకి చోటుండదు. ఆఫీసుకి సెలవు పెట్టి సర్దడానికి వచ్చిన మా అమ్మాయి రూతు, నేను వద్దనేలోపే మూత ఎత్తి, పాత చీరలో చుట్టిన మూట విప్పి, "మమ్మీ, ఏటిది, లారీయా? ఎవరిది?" అంది. అది తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. లారీ వెనక నేను రాసిన అక్షరాలు దానికి ముగ్గులా కనిపించి ఉంటాయి.

లారీ మూరెడు పొడవుంటుంది. ముక్కు ముందుకి పొడుచుకొచ్చిన విదేశీ రకం. రంగులు మాత్రం మన లారీలవే, పసుపు ముఖం, నీలం తొట్టి, వెనక హార్న్ ప్లీజ్, దాని కింద తెలుగులో 'దేవుడే దిక్కు'. తొట్టి మీద కప్పిన తార్పాలిన్ ముక్క ముడుచుకుపోయింది, దాన్ని కట్టిన పురికొస మాత్రం నాన్న వేయించిన ముడితో అలాగే ఉంది. దగ్గరికి తీసుకుని వాసన చూశాను. పాత జిగురు, బ్యాటరీ పులుపు. డీజిలు వాసన రాలేదు. బొమ్మ లారీకి డీజిలెక్కడిది? అయినా నా ముక్కు దానికోసమే వెతికింది, దొరక్కపోయేసరికి పెట్టె పక్కనే కూర్చుండిపోయాను.

మా నాన్న పేరు దానియేలు. ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల నుంచి గోదాములకి సరుకు తోలే లారీ డ్రైవరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో బొగ్గు మోసే కూలీగా వచ్చి ఏక్‌బాల్‌పూర్‌లో దిగబడ్డాడు. మేం అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, ఏటా "ఈసారి ఊరెళ్ళాలి" అనుకుంటూ ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వరండా, సందు మొదట్లో కొళాయి. పొద్దున్నే అమ్మ బొగ్గుల పొయ్యి వరండాలో పెట్టి రాజేస్తే, ఆ పొగలోనే నాన్న తలకి ఆవనూనె రాసుకుని ఖాకీ చొక్కా తొడుక్కునేవాడు. తాళం మొలతాడుకి కట్టుకునేవాడు. బండెక్కే ముందు తడి గుడ్డతో అద్దం, పొడి గుడ్డతో దీపాలు తుడిచేవాడు. ఇంట్లో చెంబు కూడా తీసి పక్కన పెట్టే రకం కాదు గానీ లారీకి మాత్రం చంటిపిల్లకి చేసినట్టు చేసేవాడు. విశ్వకర్మ పూజ రోజున డాకులో అందరి లారీలతో పాటు తన లారీకీ దండ వేసేవాడు, అమ్మకి తెలీదనుకునేవాడు. అమ్మకి తెలుసు. చొక్కాకి అంటిన బంతిపూల రెక్కలు దులిపి, పోనీలే ప్రభువా, బండికి చేశాడు కానీ విగ్రహానికి కాదు కదా, అని తనే సర్దిచెప్పుకునేది.

అమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి గోడవారనున్న డాల్డా డబ్బాలో వేసేది. దేవుడి పిడికెడు. మా చర్చిని మేం గుడి అనేవాళ్ళం, ఆ గుడికొచ్చే ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బా ఉండేది, ఇంట్లో గింజలు నిండుకున్న రోజున కూడా దాని మూత తీసేవాళ్ళు కాదు. కోత పండుగకి ఆ బియ్యం గుడికి చేరేది. పొలాలున్న ఊళ్ళలో కోత పండుగంటే వడ్ల మూటలూ గుమ్మడికాయలూ తెస్తారు. మాకు పొలాలెక్కడివి, డాకుల్లో పండేది తుప్పొక్కటే. అందుకని మా పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు, ఎవరి చేతి కష్టం వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెట్టాలి. వడ్రంగి పీట తెచ్చేవాడు, కుట్టుపని చేసే ఆవిడ లంగా కుట్టి తెచ్చేది, ఏమీ చేతకాని వాళ్ళు ఆవకాయ తెచ్చేవారు. ఆరాధనయ్యాక అవన్నీ వేలం వేసేవారు. నాన్న కష్టం లారీ. పండుగ పొద్దున ఓనర్ని బతిమాలి లారీ తెచ్చి, సందు సందూ తిరిగి అందరి సామానూ ఎక్కించుకుని, హారను కొట్టుకుంటూ గుడి గుమ్మం దాకా తోలేవాడు. అది బెంగాలీ వాళ్ళ గుడి, వాళ్ళ ఆరాధన అయ్యాక మాకిచ్చేవారు. ఆ ఒక్కరోజూ లోపలున్న బెంగాలీ పెద్దమనుషులు కూడా చెవులు మూసుకుని నవ్వుతూ బయటికొచ్చి చూసేవాళ్ళు.

నేను కాలేజీలో చేరిన ఏడాది, వానల్లో, ఒక పొద్దున నాన్న కొళాయి దగ్గర ముఖం కడుక్కుంటూ పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, సగం మూతి పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది, ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన తర్వాత ఓనరు మనిషొకడు పరామర్శకని వచ్చి, బత్తాయిలు పెట్టి, లారీ తాళం అడిగాడు. అతని తప్పేం లేదు, సరుకు ఆగదు కదా. నాన్న మొలతాడుకున్న తాళం అమ్మ విప్పి ఇచ్చింది. విప్పుతున్నంత సేపూ నాన్న అమ్మ చేతినే చూశాడు. అతను వెళ్ళాక గోడవైపు తిరిగాడు. అంతే, ఇక ఇటు తిరగలేదు. అన్నం పెడితే రెండు ముద్దలు తిని నోరు మూసేవాడు, పలకరిస్తే పలికేవాడు కాదు.

మా గుడికొచ్చే డాక్టరమ్మ ఒకావిడ చూసి, అమ్మని వరండాలోకి పిలిచింది. "మందులు నేనిస్తాను. కానీ లేవాలని మనిషికి ఉండాలి కదమ్మా. ఇలా గోడకి తిరిగి ఉంటే ఈ చలికాలం దాటడు" అంది. నేను తలుపు పక్కనే ఉన్నాను. విననట్టు నటించే తెలివి ఉంది గానీ వినకుండా ఉండే అదృష్టం లేకపోయింది. ఆ రోజు నుంచీ నాకు చదువు లేదు, స్నేహితులు లేరు, ఒకటే ఆలోచన, నాన్నని ఇటు తిప్పాలి. బైబిలు చదివాను, పాటలు పాడాను, కోప్పడ్డాను, ఏడ్చాను. గోడకి నా మీద జాలి కలిగుంటుంది గానీ నాన్న తిరగలేదు.

దుర్గాపూజ పందిళ్ళు కడుతున్నప్పుడు మోషే మామయ్య వచ్చాడు. అమ్మ తమ్ముడు, ఓడలో వంటవాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒక విదేశీ వస్తువు తెచ్చి, అది మా ఇంట్లో ఎందుకూ పనికిరాదని తేలాక నొచ్చుకునేవాడు. ఈసారి చంకలో పెద్ద అట్టపెట్టె. పెట్టె మీద దుమ్ము రేపుకుంటూ పరిగెడుతున్న లారీ, దాని నెత్తిన సన్నటి ఏరియల్. "బావా, ఇటు సూడు! నీకు బండి తెచ్చీసాను. తీగ లేకుండా దూరాన్నించే తోలీయొచ్చు!" అని మంచం మీద పెట్టె విప్పాడు. లోపల లారీ లేదు. చట్రాలకి కాయల్లా అతుక్కుని ఉన్న వందలాది ప్లాస్టిక్ ముక్కలు, నాలుగు రబ్బరు టైర్ల జతలు, స్క్రూల పొట్లం, జపాను అక్షరాలున్న మడత కాగితం ఉన్నాయి. కాగితంలో మోటారు ఉండాల్సిన చోటా రేడియో ఉండాల్సిన చోటా చుక్కలతో గీసిన డబ్బా బొమ్మలున్నాయి. అంటే అవి విడిగా కొనుక్కోవాలన్నమాట. ఆ సంగతి చెప్పాను. మామయ్య ముఖం వాడిపోయింది. "పెట్టె మీద పరిగెడతంది కదే!" అన్నాడు.

అప్పుడు గోడ వైపు నుంచి మాట వచ్చింది. "ఇంజను లేని బండి తెచ్చీసాడేటి?"

అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. మామయ్య ఏడుపు మొహంతో నవ్వాడు. "తెచ్చీసాను బావా. ఓడమీద వంటోడికి ఇంజన్ల సంగతేటి తెలుస్తాది?" అన్నాడు. నాన్న గోడవైపే ఉండి, "సాసీ సూపించు" అన్నాడు. ఛాసిస్ అంటే లారీ వెన్నెముక, రెండు పొడుగాటి నల్లటి పట్టీలు. అవి తీసి గోడకీ ఆయనకీ మధ్య పట్టుకున్నాను. ఎడమ చేత్తో తడిమి చూసి, ఇటు తిరిగాడు. నన్ను చూడ్డానికి కాదు, వెలుతురు కోసం. నాకు అదే పదివేలు.

ఆ రోజు నుంచి నేను ఆయన కుడిచెయ్యిని. వరండాలో కుర్చీ వేసి, వెనక తలగడలు పెట్టి కూర్చోబెడితే, పీట మీద నేను ముక్కలు బ్లేడుతో కోసి, అంచులు గోరుతో గీసి, జిగురు రాసి అతికించేదాన్ని. జిగురు వాసన ముక్కుకి ఎక్కి తల తిరిగేది. సాయంత్రం కరెంటు పోతే లాంతరు తెచ్చుకునేవాళ్ళం, మంటకి దగ్గరగా జిగురు పెట్టావని అమ్మ తిట్టేది. తిట్లు కూడా పండుగలా ఉండేవి, ఎందుకంటే తిట్టించుకునేవాళ్ళలో నాన్న ఉన్నాడు. కాగితంలో వరస ఒకలా ఉంటే నాన్న వరస ఇంకోలా ఉండేది. ముందు ఇరుసులు, తర్వాత కమానుపట్టీలు, డ్రైవరు గది చివర్న. "కాగితం జపానోడిది. బండి నాది" అనేవాడు. సందు మొదట్లో రేడియోలు బాగుచేసే తపన్‌దా, కొట్టు నెత్తిన ఎర్రజెండా కట్టుకుని ఊరేగింపుకీ ఊరేగింపుకీ మధ్య మాత్రమే పనిచేసేవాడు, ఎవరో నావికుడు వదిలేసి పోయిన, నీట మునిగి పాడైన, రేడియోతో నడిచే బొమ్మ పడవ ఒకటి అటక మీంచి తీశాడు. దాన్లోంచి మోటారూ, తోలేవాడు చేతిలో పట్టుకునే రెండు పుల్లల డబ్బా, ముందు చక్రాల్ని తిప్పే చిన్న నల్లటి యంత్రమూ వచ్చాయి. ఆ యంత్రాన్ని అతను సర్వో అనేవాడు. "చింతా కొర్బేన్ నా, మాషిమా" అని, దిగులు పడొద్దు పిన్నీ అని అమ్మకి ధైర్యం చెప్పి, మునిగిపోయిన పడవ ఇంజన్ని మా లారీకి బిగించాడు. దాన్ని నడిపేంత బలం మామూలు బ్యాటరీలకి లేకపోతే స్కూటరు బ్యాటరీ తొట్టిలో పెట్టాం. "సరుకు లేని బండి ఎగురుద్ది. బరువుంటే రోడ్డు పట్టుకుంటాది" అని నాన్న దాని మీద తార్పాలిన్ కప్పించి, డాకులో కట్టే ముడే వేయించాడు. నా వేళ్ళకి ఆ ముడి రావడానికి చాలా రోజులు పట్టింది.

పొరపాటు ఒకటి జరిగింది. ఆ లారీలో స్టీరింగు ఎడమవైపుంది. చేసింది జపానోడయినా లారీ వేరే దేశపు రకం, ఆ దేశం తీరు అది. నాన్న అది చూసి ససేమిరా అన్నాడు. "డ్రైవరు అటేపు కూసుంటే ఎదర బండి కనపడతాదేటే గుంటా? సచ్చిపోతాడు. ఇటు మార్చీ." స్టీరింగు కోసి కుడికి అతికించాను. అంతటితో ఆగితే సరిపోయేది. మన లారీల్లో స్టీరింగు కింది పెట్టె డ్రైవరు కాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి, ఆయన లెక్క ప్రకారం సర్వో కూడా కుడివైపుకి రావాలి. దాన్నీ తిప్పి కుడివైపు పెట్టాం, బలంగా ఉండాలని జిగురు దట్టంగా పోశాం. అది ప్లాస్టిక్‌ని కరిగించి ఏకం చేసేసింది. మర్నాడు వరండాలో తొలిసారి నడిపితే, పుల్ల ఎడమకి తోస్తే లారీ కుడికి తిరిగింది. కుడికి తోస్తే ఎడమకి. నేను భోరుమన్నాను. తపన్‌దా వచ్చి చూసి, తీయాలంటే ఛాసిస్ విరగ్గొట్టాలి అన్నాడు.

నాన్న మాత్రం ఏడవలేదు. పుల్లని ఎడమ చేత్తో మెల్లగా అటూ ఇటూ తోసి, లారీ తిరగడం చూశాడు. "ప్రతి బండికీ ఒక వంకరుంటాదే. తోలేవోడే నేర్చుకోవాల, బండి నేర్చుకోదు. నాకూ అన్నీ ఎడమైపోయాయి, దానికీ ఎడమైపోయింది. ఇద్దరం సరిపోయాం" అన్నాడు. ఆయనకి ఒక్క చెయ్యే కాబట్టి వేగం పుల్ల నాకు, తిప్పే పుల్ల ఆయనకి. డబ్బా ఆయన ఒళ్ళో, నేను పక్కన ఆనుకుని, ఇద్దరం కలిసి ఒక డ్రైవరు. ఆయన పడుకున్నాక నేనొక్కదాన్నే రెండు పుల్లలూ పట్టుకుని తోలేదాన్ని. ఆ తలకిందుల తిప్పుడు నా చేతికి అలా పట్టుబడిపోయింది.

అంతలో బంద్ వచ్చింది. ఆ రోజుల్లో బంద్ అంటే బంద్, కాకి కూడా అడిగి వాలేది. పెద్ద రోడ్డు మీద ట్రాము లేదు, బస్సు లేదు, ఒక్క లారీ లేదు. పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. తపన్‌దా ఇంకో ఇద్దర్ని పిలుచుకొచ్చి నాన్నని కుర్చీతో సహా ఎత్తి రోడ్డు నడుమ దించాడు. ఆయన జీవితమంతా తోలిన రోడ్డు అది. అన్నేళ్ళలోనూ దాన్ని ఖాళీగా చూడలేదట. బొమ్మ లారీ కింద పెట్టాం. నేను వేగం పుల్ల నొక్కాను. అది తార్పాలిన్ ఊపుకుంటూ ట్రాము పట్టాల పక్కనే పోయింది. క్రికెట్ పిల్లలు ఆట ఆపి దారిచ్చారు. "మెల్లగా, మెల్లగా, గుంతుంది అక్కడ" అన్నాడు నాన్న. నిజంగానే అక్కడ గుంత ఉంది. లారీ దాన్ని తప్పించుకుని పోయింది. నాన్న సగం మూతితో నవ్వాడు, మిగతా సగం కదల్లేదు. కానీ నాకు ఆ నవ్వు పూర్తిగానే కనిపించింది. ఆ సాయంత్రం కడుపునిండా అన్నం తిన్నాడు.

కోత పండుగ దగ్గర పడింది. ఆ ఏడు ఎవరి సామాను వాళ్ళే మోసుకురావాలని గుడిలో చెప్పారు. నాన్న విని, రాత్రి అన్నం దగ్గర, "ఈ ఏడు నా కష్టం లారీయే. అదే ఇచ్చేస్తాను" అన్నాడు. నేను కంచం పక్కకి జరిపాను. ఇవ్వడమంటే వేలం. వేలమంటే ఎవరో కొనుక్కుని పట్టుకుపోతారు. ఆ తర్వాత? మళ్ళీ గోడేనా? "నాన్నా, లారీలో బియ్యం పెట్టి తీసుకెళ్దాం. బియ్యం ఇద్దాం, లారీ తెచ్చుకుందాం" అన్నాను. "బియ్యం మీయమ్మ పిడికెడు. నాకు నొప్పెట్టనిది ఇస్తే అది కానుకేటే?" అన్నాడు. "నిన్ను లేపింది ఆ బండే కదయ్యా" అంది అమ్మ. "అందుకే కదే ఇస్తన్నాను" అన్నాడు. నాకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది. ఆ కోపం అంత త్వరగా పోలేదు.

పండుగ రోజున నాన్నని రిక్షాలో గుడికి తీసుకెళ్ళాం, ఖాకీ చొక్కా తొడిగి. పిడికెడు బియ్యం అమ్మ చిన్న గుడ్డసంచిలో మూటగట్టి తార్పాలిన్ మీద కట్టింది. గుడి గుమ్మంలో లారీ దించాం. బల్లల మధ్య దారిలో అది గరగరమంటూ పాస్టరుగారి వైపు పోతుంటే పాట ఆగిపోయింది. దారి మధ్యలో చాపకి మడత ఉంది. నాన్న పుల్లని కుడికి తోశాడు, లారీ ఎడమకి ఒరిగి మడత తప్పించుకుని, బలిపీఠం మెట్టు ముందు నిలబడింది. గుడి బయట నిజం లారీ లేదు, హారను లేదు. నాన్న నోటితోనే "పోం" అన్నాడు. అందరూ నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

వేలంలో దాన్ని సుందర్రావుగారు పాడుకున్నారు. ఓడల్లోంచి సరుకు దింపించే కాంట్రాక్టరు, మా గుడిలో కాస్త ఉన్నవారు. లారీ తీసుకుని అక్కడికక్కడే తోలబోయారు. ఎడమకి తిప్పితే కుడికి పోయి బల్ల కోడుకి కొట్టుకుంది. కుడికి తిప్పితే ఎడమకి పోయి ఆడవాళ్ళ చీర కుచ్చెళ్ళలో దూరింది. కేకలు, నవ్వులు. సుందర్రావుగారు చెమట తుడుచుకుంటూ నాన్న దగ్గరికి వచ్చారు. "దానియేలూ, ఇది నా మాట వినేది కాదయ్యా. నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. నేను లారీ కోసం చేతులు చాచాను. నాన్న తల అడ్డంగా ఊపాడు. "దేవుడికిచ్చీసింది మళ్ళీ ఇంట్లో పెట్టుకోను బాబూ." ఆ ముద్దమాట అర్థం కాక సుందర్రావుగారు నావైపు చూస్తే, నేను మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

సుందర్రావుగారు కాసేపు లారీని చూశారు, నాన్న ఖాకీ చొక్కాని చూశారు. "సరే, బండి నాదే. కాదనను. కానీ నాకు డ్రైవరు లేడు. నా బండికి నువ్వు డ్రైవరువి. రోజూ తుడవాలి, తోలాలి, బాగోగులు చూడాలి. చేస్తావా?" అన్నారు. నాన్న ఎడమ చెయ్యి పైకి లేచి నుదుటి దాకా వెళ్ళింది. "ఎప్పట్నించి డూటీ ఎక్కమంటారు బాబూ?" అన్నాడు.

మర్నాటి నుంచి మా ఇంట్లో పొద్దు మళ్ళీ పాత పొద్దయింది. పొయ్యి పొగ, ఆవనూనె, ఖాకీ చొక్కా. తడి గుడ్డతో అద్దం, పొడి గుడ్డతో దీపాలు, గుడ్డ నేను తడిపి పిండి ఇస్తే ఎడమ చేత్తో ఆయనే తుడిచేవాడు. నేను ఆలస్యంగా లేస్తే "ఓనరుగారి బండే, నీ బొమ్మ కాదు" అని కసిరేవాడు. సుందర్రావుగారు ఒకటి రెండుసార్లు గుడి నుంచి ఇంటికెళ్తూ వచ్చి, బండి ఎలా ఉంది అని అడిగి, కిందామీదా చూసి వెళ్ళారు. నాన్న కుర్చీలోనే నిటారుగా కూర్చుని జవాబు చెప్పేవాడు. సుందర్రావుగారు ఆ ఆటని ఆటలా ఒక్కసారి కూడా ఆడలేదు, అందుకు ఆయనకి నేనివాళ్టికీ మొక్కుతాను.

క్రిస్మస్ తారలు ఇంటింటా కడుతున్న రోజుల్లో నాన్న పోయాడు. పక్షవాతం రెండోసారి వచ్చింది, పడుకున్నవాడు పడుకున్నట్టే. డాక్టరమ్మ అన్నట్టు చలికాలం దాటలేదు. కానీ గోడవైపు తిరిగి పోలేదు. ముఖం ఇటే ఉంది, వరండా వైపు, బండి ఉన్న వైపు. ఆ ఒక్కటీ తలుచుకుని అమ్మ బతికినన్నాళ్ళూ ఓదార్పు పొందింది. నేను పొందలేదు. ఇంకొక్క పండుగ అన్నా ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది, అనిపించినప్పుడల్లా ఏడుస్తాను, అరవై దగ్గరపడ్డ దాన్ని.

సమాధి చేసొచ్చాక లారీ తుడిచి, చీరలో చుట్టి, సుందర్రావుగారికి అప్పగించబోయాను. ఆయన ముట్టుకోలేదు. "డ్రైవరు లేని బండి నేనేం చేసుకోను తల్లీ. నీ దగ్గరుంచు. కావలసినప్పుడు నేనే అడుగుతాను" అన్నారు. తర్వాత ఓడలు రావడం తగ్గింది, ఆయన వ్యాపారం ఎత్తేసి ఏదో వేరే రేవుకి వెళ్ళిపోయారని విన్నాం. నాకు లిలువా సంబంధం కుదిరింది. లారీ అమ్మ పెట్టెలోకి, అమ్మ మా దగ్గరికొచ్చాక పెట్టె మా అటక మీదికి పోయాయి.

ఇదంతా రూతుకి చెప్పలేదు, మీ తాతయ్యది అని మాత్రం అన్నాను. అది చాందినీ బజారుకెళ్ళి కొత్త మోటారు, కొత్త రేడియో, నా చిటికెనవేలంత బ్యాటరీ తెచ్చి, కొత్త ఫ్లాట్‌లో ఇంకా విప్పని మూటల మధ్య కూర్చుని బిగించింది. ఒక పూటలో అయిపోయింది. మేం పూజల నుంచి పండుగ దాకా చేసిన పని. తార్పాలిన్ ముడి ఒక్కటే దానికి రాలేదు, అది నేను వేశాను. కింద కార్లు నిలిపే చోటికి తీసుకెళ్ళి నడిపి, "మమ్మీ, స్టీరింగు ఉల్టా ఉంది" అంది. కొత్త డబ్బా మీద దానికో మీట ఉందట. టక్కున నొక్కింది. ఎడమ ఎడమయింది, కుడి కుడయింది. ఛాసిస్ విరగ్గొట్టక్కర్లేదు, జిగురు పీకక్కర్లేదు. ఇప్పటి వస్తువులన్నీ ఇంతే, మనకి తగ్గట్టు అవే మారతాయి. వాటి వంకర నేర్చుకునే కష్టం ఎవరికీ లేదు. మంచిదే. కానీ మా నాన్న ఆ వంకర నేర్చుకోడానికే మంచం మీంచి లేచాడు.

"నువ్వు తోలు" అని డబ్బా నా చేతికిచ్చింది. తోలాను. ఎదురుగా, కాస్త కుడిపక్కన స్తంభం వచ్చింది. దాన్ని ఎడమగా తప్పించాలి. నా చెయ్యి నన్నడక్కుండానే పుల్లని కుడికి తోసింది. లారీ కుడికే తిరిగి స్తంభానికి కొట్టుకుంది. రూతు పకపకా నవ్వి, నా ముఖం చూసి ఆపేసింది.

"ఆ మీట మళ్ళీ నొక్కు. ముందు ఎలా ఉందో అలాగే పెట్టు" అన్నాను.

"ఎందుకు? ఇప్పుడు ఠీక్‌గానే ఉంది కదా."

"మనది కాదే అది. ఓనరుగారి బండి. ఆయన్నడక్కుండా మార్చకూడదు" అన్నాను.

అది నావైపు వింతగా చూసి మీట నొక్కింది. నేను కొంగుతో అద్దం తుడిచి లారీని కింద పెట్టాను. పుల్ల కుడికి తోశాను. లారీ ఎడమకి తిరిగి, స్తంభాన్ని తప్పించుకుని వెళ్ళింది.